పగవాడి బనీను

పోయిన వారం మా ఇంటికి రంగులు వేయడానికి వచ్చిన మేస్త్రీ హాల్లో నిలబడి, "ఇన్ని మేకులేంటమ్మా గోడకి? పీకేసి లప్పం పెట్టేయమంటారా?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా పెరట్లో ఉన్న మా ఆయన తడి చేతులతోనే పరిగెత్తుకొచ్చారు. రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషే గానీ, రైలు తప్పిపోతున్నప్పుడు కూడా ఆయన పరిగెత్తగా నేను చూడలేదు. "మేకుల జోలికెళ్ళకు బాబూ, వాటి చుట్టూ వేసుకో," అన్నారు. మేస్త్రీ నా మొహం చూశాడు. సరే, చుట్టూనే వేయమన్నాను. గోడ మీంచి దించిన సరంజామా అంతా అప్పటికే నా మంచం మీద పరిచి ఉంది. ఆ మధ్యలో కాస్త చోటు చేసుకుని కూర్చుంటే, ఆ వస్తువుల తాలూకు పెద్దమనిషి మీద నాకున్న కోపమంతా మళ్ళీ కొత్తగా పొంగుకొచ్చింది.

ఆ పెద్దమనిషి బాల్ బ్యాడ్మింటన్ ఆటగాడు. ఇప్పటి పిల్లలకి ఇదేం ఆటో చెప్పాలి. పసుపుపచ్చ ఉన్ని బంతి, అటు అయిదుగురు, ఇటు అయిదుగురు, ఆరుబయట సున్నం గీతల మధ్య ఆడతారు. బరువు లేని బంతి కాబట్టి కొబ్బరితోటల మీంచి వచ్చే గాలి దాన్ని ఎటు పడితే అటు లాక్కుపోతుంది. ఈయన సర్వీసు చేసే ముందు చిటికెడు మట్టి గాల్లోకి వదిలి, అది పడే తీరు చూసి కొట్టేవాడట. ఒకప్పుడు మా గోదావరి జిల్లాల్లో పోటీలు జరిగితే ఊరూరి నుంచీ సైకిళ్ళ మీద జనం వచ్చేవారు. ఆయన పేరు చివర 'గారు' లేకుండా పలికితే నాలుక తెగిపడుతుందన్నట్టు ఉండేవారు మా ఆయన. నేను ఇక్కడ ఆ పేరు అసలు రాయడమే లేదు. నా పగకి ఆ మాత్రం తృప్తి ఉండాలి కదా.

కాపురానికి వచ్చిన రోజున రైల్వే క్వార్టరులో నాకు మొదట ఎదురైంది అత్తగారు కాదు, ఆ పెద్దమనిషి ఫోటో. మా మామగారి ఫోటో కంటే పెద్దది. తెల్ల నిక్కరు, బనీను, చేతిలో రాకెట్, ఎదుటివాణ్ణి మనిషిగా కూడా లెక్కచేయని చూపు. దాని పక్కన పోటీల కరపత్రాలు, టీములతో దిగిన ఫోటోలు, మట్టి కొట్టుకుపోయిన ఉన్ని బంతులు, ఒక మోకాలి పట్టీ, మరక పడ్డ ఒక బనీను. జత లేని ఒక కాన్వాసు బూటు కూడా ఉండేది. రెండోది ఎవరి దగ్గరుందో కనుక్కోవడానికి మా ఆయన అమలాపురం దాకా వెళ్ళొచ్చారు. బుకింగ్ క్లర్కు ఉద్యోగం, చేతిలో రైలు పాసు. సెలవు దొరికితే చాలు, ఎక్కడ ఏ క్షౌరశాలలో ఆ మనిషి పాత ఫోటో ఉందో, ఎవరి అటక మీద ఆయన వాడి పారేసిన వస్తువు ఉందో వెతుక్కుంటూ పోయేవారు. తణుకులో ఒకాయన దగ్గర, అంపైరు మీద కోపంతో ఈయనగారు నేలకేసి కొట్టిన రాకెట్ ఉందని తెలిసింది. మా నాన్నగారు పెళ్ళికిచ్చిన గోడ గడియారం పట్టుకెళ్ళి ఇచ్చేసి, దాన్ని తెచ్చుకున్నారు. నేను ఏడిస్తే, "టైము చూసుకోడానికి స్టేషన్లో గడియారం ఉందిగా," అన్నారు.

ఆ ఏడు వానాకాలంలో బట్టలు నానబెడుతూ, గోడకున్న బనీను కూడా తీసి, సబ్బు పెట్టి బాది, నీలిమందు వేసి తీగ మీద ఆరేశాను. తెలియక ఉతికానని అత్తగారితో చెప్పాను. తెలిసే ఉతికాను. ఏదో పెద్ద ఫైనల్లో పట్టిన చెమట మరక అట, దానికోసమే దాచారట. మా ఆయన దసరా వెళ్ళేదాకా నాతో మాట్లాడలేదు. మరక మాత్రం పూర్తిగా పోలేదు. ఆ మనిషి మొండితనం చెమటలో కూడా ఉంది.

ఇలా నా కాపురమంతా ఆ చూపు కిందే గడిచింది. క్వార్టరు ఖాళీ చేసి నిడదవోలులోనే సొంత ఇల్లు కట్టుకున్నాం. గృహప్రవేశం నాడు పాలు పొంగకముందే గోడకి మేకులు దిగాయి. మూడేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం ఇంటి ముందు కారాగింది. కొడుకు చెయ్యి పట్టుకుని ఒక ముసలాయన దిగాడు. బుగ్గలు లోపలికి పోయినా చూపు మారలేదు, గుమ్మంలోనే గుర్తుపట్టాను. నిడదవోలులో ఒకాయన ఇంట్లో నీ వస్తువులున్నాయని ఎవరో చెబితే చూడ్డానికి వచ్చాడట. మా ఆయన చేతులు జోడించారు. తన పడకకుర్చీలో ఆయన్ని కూర్చోబెట్టి, తాను నిలబడ్డారు. నేను కాఫీ ఇచ్చాను. ఒక గుక్క తాగి, "పంచదార పాకంలా ఉంది," అని గ్లాసు కింద పెట్టాడు. తరువాత గోడ వైపు చాలాసేపు చూసి, "ఇవన్నీ నావే," అన్నాడు.

"మీవేనండీ. అన్నీ మీవేనండీ," అన్నారు మా ఆయన, కళ్ళ నిండా నీళ్ళతో.

భక్తితో అన్న మాట అది. ఆ పెద్దమనిషి దాన్ని ఉన్నదున్నట్టుగా తీసుకున్నాడు. "అయితే కారెక్కించండి," అన్నాడు.

నేను పంచదార తక్కువ కాఫీ పట్టుకుని వచ్చేసరికి సగం గోడ ఖాళీ. మా ఆయన స్వయంగా స్టూలెక్కి ఒక్కొక్కటీ దించి, నా మంచం మీది కొత్త దుప్పటిలో మూట కడుతున్నారు. నేను నోరు తెరవబోతే, వద్దన్నట్టు కళ్ళతోనే బతిమాలారు. ఆయన కోసం ఊరుకున్నాను గానీ కారు దాకా వెళ్ళి, "దుప్పటి నాదండి. అదైనా తిరిగి పంపండి," అన్నాను. "పంపిస్తాలే," అన్నాడు, అద్దం పైకెత్తుకుంటూ.

దుప్పటి రాలేదు. గోడ మీద ఫోటోలున్న చోటల్లా సున్నం తెల్లగా మిగిలిపోయింది. మా ఆయన ఒక్కసారి కూడా ఆయన్ని తప్పు పట్టలేదు. "ఆయన వస్తువులు ఆయన తీసుకెళ్ళారు, దాంట్లో ఏముంది?" అనేవారు. అన్నం మాత్రం కెలికి వదిలేసేవారు. రోజూ పొద్దున్నే గుడ్డ పట్టుకుని ఆ పటాలు తుడవడం ఆయనకి అలవాటు. ఒకరోజు నేను వంటింట్లోంచి తొంగి చూస్తే, అదే గుడ్డతో మేకులు తుడుస్తున్నారు. అంతే, నాకు ఒళ్ళు మండిపోయింది. చెల్లెలి ఇంటికి వెళ్ళొస్తానని చెప్పి రాజమండ్రి రైలెక్కి, అక్కణ్ణుంచి ఆటోలో కడియం వెళ్ళాను.

ఆ పెద్దమనిషి కొడుక్కి అక్కడ నర్సరీ ఉంది. ఆడవాళ్ళు వరసగా కూర్చుని నల్ల సంచుల్లో ఎర్రమట్టి కూరుతున్నారు, రోడ్డు మీద లారీకి మొక్కలెక్కుతున్నాయి. కోడలు ఫోన్లో ఎవరితోనో హిందీలో బేరమాడుతూనే, ఏం కావాలని సైగ చేసింది. "దుప్పటి," అన్నాను. ఆవిడ ఫోన్ పెట్టేసి, నన్ను మేడ మీదికి తీసుకెళ్ళింది.

గది నిండా మా గోడే. మొక్కలు కట్టే తీగలతో ఎలా పడితే అలా వేలాడదీశారు. ఆ మధ్యలో ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"నిడదవోలా? ఏం కావాలమ్మా?"

"దుప్పటండి. అందులో కట్టి తెచ్చినవి కూడాను."

"నావి నేను తెచ్చుకున్నాను. నీకేంటి నష్టం?"

"మీరు పారేశారండి. మా ఆయన ఏరుకున్నారు."

"ఆడింది నేను!"

"దుమ్ము దులిపింది ఆయన. మీరాడింది పదేళ్ళేమో, ఆయన దులిపింది నలభయ్యేళ్ళండి."

ఆయన కర్ర నేలకేసి కొట్టాడు. నేను సంచీ తెరిచి, మొదట చేతికందిన బూటు అందులో వేశాను. అప్పుడు కోడలు నవ్వుతూ, "తీసుకెళ్ళిపోండి పిన్నిగారూ, పుణ్యముంటుంది. ఆ బనీను వాసనకి ఈ గదిలోకే రాలేకపోతున్నాం. క్రికెట్టా, ఏమన్నానా? పల్లెటూళ్ళలో ఉన్ని బంతితో ఆడుకున్నదానికి ఇంత హడావుడేంటండి?" అంది.

ఆ మాటకి నాకెందుకంత కోపం వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. "ఆడుకోవడమా?" అన్నాను. "తణుకు ఫైనల్లో అవతలివాళ్ళు ఇరవై ఏడు మీదున్నారు, ఇంకో రెండు పాయింట్లు చాలు వాళ్ళకి. వీళ్ళు సగం కూడా రాలేదు. ఈయన కుడి మోకాలు కొబ్బరిబోండాంలా వాచింది. ఆ కాలు ఈడ్చుకుంటూ వెనక లైను మీద నిలబడి, వచ్చిన ప్రతి బంతీ తిప్పికొట్టాడు. ఎదురుగాలమ్మా! ఎదురుగాలిలో ఉన్ని బంతి కొట్టడమంటే ఏంటో తెలుసా నీకు? గెలిచాక జనం భుజాల మీద మోశారు. ఆ వాసన ఆ రోజు చెమటది. నేను సబ్బు పెట్టి బాదినా పోలేదు, నువ్వెంత?"

నా జీవితంలో ఒక్క మ్యాచ్ చూడలేదు నేను. మా ఆయన అన్నం తింటూ ప్రతి ఏడూ చెప్పిందే, విసుక్కుంటూ విన్నదే. కోడలి నవ్వు ఆగిపోయింది. మామగారి వైపు తిరిగి, "నిజమాండీ?" అని అడిగింది.

ఆయన నన్నే చూస్తూ, "తణుకు కాదు, తాడేపల్లిగూడెం. కుడి మోకాలు కాదు, ఎడమది," అన్నాడు.

"మా ఆయన తణుకనే చెప్పారు."

"మీ ఆయనకేం తెలుసు? ప్రహరీగోడెక్కి గేదెలా అరిచేవాడు. వాడి అరుపుకి ఉలిక్కిపడి రెండు పాయింట్లు పోగొట్టుకున్నాను నేను. తీసుకుపో, అన్నీ తీసుకుపో. ఇక్కడ పొద్దస్తమానం మొక్కలకి నీళ్ళు కొట్టి గోడలన్నీ చెమ్మ. రాకెట్ మాత్రం ముట్టుకున్నావంటే మర్యాద దక్కదు."

"దానికి మా నాన్నగారి గడియారం పోయిందండి."

"ఎవడివ్వమన్నాడు?" అన్నాడు.

రాకెట్ వదిలేశాను. మిగతావన్నీ దుప్పటిలోనే మూట కట్టుకున్నాను. కోడలే దాన్ని ఆటో దాకా మోసుకొచ్చింది. మెట్లు దిగుతుంటే పైనుంచి, "పంచదార తగ్గించుకో, మీ ఆయనకి మంచిది కాదు!" అని కేక వినిపించింది.

మూట చూడగానే మా ఆయన మొహం వెలిగింది, అంతలోనే మాడిపోయింది. "ఆయన్నేమన్నావు?" అని అడిగారు. చెప్పాను. "అంతటి మనిషిని అనడానికి నీకు నోరెలా వచ్చింది?" అన్నారు. ఒక్కొక్కటే గోడకి తగిలించుకున్నారు గానీ నాతో మాట మానేశారు. నేను అడిగింది వినబడనట్టు తిరిగేవారు. ఆయన కోసం ఊరు కాని ఊరెళ్ళి మాట పడొచ్చిన దానికి నాకు దక్కిన మర్యాద అది. కొన్నాళ్ళు ఓర్చుకుని ఒకరోజు గట్టిగా తగిలేలా, "ఎవరి కోసమండీ ఈ అలక? మీరంటే లెక్కే లేదు ఆ మనిషికి! గోడెక్కి గేదెలా అరిచేవాడు, వాడి వల్ల రెండు పాయింట్లు పోయాయి అన్నాడు. అదీ మీ గురించి ఆయన అన్న మాట," అన్నాను.

మా ఆయన చేతిలో గుడ్డతోనే నా వైపు తిరిగారు.

"రెండా?" అన్నారు. "ఆయనే అన్నారా?"

"ఆయనే."

"గోడెక్కాననీ అన్నారా? గేదెలా అనీ?" పడకకుర్చీలో కూలబడి, కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. ఆ సాయంత్రం స్టేషన్ బెంచీల మీద కూర్చునే పాత స్నేహితులందరికీ ఆ మాట చేరిపోయింది, తన అరుపుకి ఆయన రెండు పాయింట్లు పోగొట్టుకున్నారని. కొట్టడానికి విసిరిన రాయిని ఆయన పతకంలా మెడలో వేసుకు తిరుగుతుంటే, నేను కూర వడ్డించాను.

ఇప్పుడు ఆ పెద్దమనిషి మంచం దిగడం తగ్గింది. అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు. నేనెత్తితే నమస్కారం ఉండదు, "మీ ఆయన్ని పిలు," అంటాడు. ఎవరో తెలిసీ, "ఎవరండీ మాట్లాడేది?" అని మూడుసార్లు అడుగుతాను. అటు నుంచి కర్ర చప్పుడు వినిపిస్తుంది. ఆయన మీద నాకు ఇష్టం పుట్టిందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. కానీ నేను ఇంత గట్టిగా పోట్లాడే మనుషులు ఇంకెవరూ మిగల్లేదు. అత్తగారు పోయారు, క్వార్టర్లలో పంపు దగ్గర నాతో రోజూ జగడమాడిన పక్కింటావిడా పోయింది. కాలం మనకి కావలసినవాళ్ళనే పట్టుకుపోతుందనుకునేదాన్ని. పగవాళ్ళని కూడా అంతే శ్రద్ధగా ఒక్కొక్కరినే ఏరుకుపోతుందని ఈ వయసులో తెలిసింది.