పసుపు నిలవని టైరు

మా ఆయన శక్తినగర్ కరెంటు ప్లాంటులో ఉద్యోగి. రోజూ రాయచూరు నుంచి మా పాత కారులోనే వెళ్లివచ్చేవారు. ఆయుధపూజ నాడు ఆ కారుకు పసుపు కుంకుమలు పెట్టేది నేనే. ఏటా టైరుకు తడిపసుపు రాస్తే గీతల్లోకి దిగిపోయి, తుడిచినా వచ్చేది కాదు. ఒక ఏడాది మాత్రం నా అరచేయి జర్రున జారింది. టైరు గుండు గీయించుకున్న తలలా నున్నగా ఉంది.

“టైర్లు మార్చుండ్రి,” అన్నాను.

“పండగపూట ఏందే గిట్ల! ఇంకో వానకాలం నడుస్తయి. నిమ్మకాయలు పెట్టు, దేవుడే చూసుకుంటడు.”

నాకు ఒళ్లు మండింది. “చూసుకుంటడు, బ్రేకు మాత్రం తొక్కడు,” అని, చక్రాల కింద పెట్టాల్సిన ఆ నిమ్మకాయలు తీసుకెళ్లి చిత్రాన్నంలో పిండేశాను.

పూజ చేసిన బండి నిమ్మకాయలు తొక్కకుండా గేటు దాటడం మా ఇంట్లో లేదు. మర్నాడు ఆయన మూతి ముడుచుకుని కంపెనీ బస్సెక్కారు. ఆ వారంలోనే కొత్త టైర్లు వచ్చాయి, వాటి కింద కొత్త నిమ్మకాయలు నేనే పెట్టాను.

ఇప్పటికీ ఆయుధపూజ నాడు నేను పసుపు గిన్నె పట్టగానే ఆయన వచ్చి చక్రం దగ్గర వంగుతారు.

“నిలిచిందా?”