వణికే చేతులకు దేవుడిచ్చిన వీడియో గది

మా అక్క శాంతమ్మ తన భర్తను భూస్థాపన చేసిన రెండో వారం మా ఇంటికి నడిచి వచ్చి, నా ఎదుట నిలబడి, "సామేలూ, నా బిడ్డ రూతు పెండ్లి వీడియో పెట్టురా, మీ బావ గొంతు ఒక్కసారి వినల్ల నాకు" అని అడిగింది సహోదరులారా! నేను తలెత్తలేకపోయాను. ఆ వీడియోలో బావ గొంతు లేదు. లేకుండా చేసినవాణ్ణి నేనే! అలాంటి నన్ను ప్రభువు ఎలా పట్టుకుని లేవనెత్తాడో చెప్పాలని ఎన్నో ఏళ్ళుగా అనుకుంటూ, సిగ్గుతో ఆగిపోతూ, చివరికి అక్క అనుమతి తీసుకునే ఈ నాలుగు మాటలు మీ ముందు పెడుతున్నాను. ఇందులో మంచి ఏమైనా కనబడితే అది ఆయనది, చెడ్డదంతా నాది.

నా పేరు సామ్యేలు. కళ్యాణదుర్గం దగ్గర ఒక చిన్న పల్లె మాది. ఇరవై ఏళ్ళకు పైగా పెళ్ళిళ్ళకు వీడియోలు తీసి బతికాను. మా నాయన నా చిన్నతనంలోనే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోతే నన్ను చేరదీసి పెంచింది అక్క, బావ. బావ పేరు యాకోబు. వాన కోసం మబ్బుల వంక చూసే మెట్ట రైతు, నాలుగు మాటలు మాట్లాడవలసిన చోట ఒకటి మాట్లాడే మనిషి. నాకు కెమెరా పిచ్చి పట్టినప్పుడు ఊరంతా నవ్వితే ఆయన మాత్రం నవ్వలేదు.

ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ గుండె మెత్తబడిపోతుంది! అప్పట్లో కెమెరా అంటే భుజం మీద మోసే బరువు, అందులో క్యాసెట్టు, దాని వెనక బారెడు వైరు ఈడ్చుకుంటూ పెద్ద దీపం పట్టుకునే మనిషి ఒకరుండాలి. ఆ మనిషి మా బావే! పొద్దున్నుంచి శనక్కాయ చేలో కలుపు తీసి వచ్చి, కాళ్ళు చేతులు కడుక్కుని, ఉన్న ఒక్క తెల్ల చొక్కా వేసుకుని, నిప్పులా కాలే ఆ దీపాన్ని తల మీదికి ఎత్తి పట్టుకుని నా వెంట తిరిగేవాడు. పెళ్ళికూతురి ముఖాన చెమట పట్టిందంటే నేను చెప్పకుండానే దీపం పక్కకు తిప్పేసి, "బిడ్డ అలిసిపోయిండాది, రవ్వంత సేపు ఆపప్పా" అనేవాడు. తిరిగి వచ్చేటప్పుడు షేర్ ఆటోలో ఇరుక్కుని కూర్చుని, కెమెరా పెట్టెను పసిబిడ్డను పట్టుకున్నట్టు ఒడిలో పట్టుకునేవాడు. క్యాసెట్టు తయారైన రోజున పెళ్ళివారింట్లో టీవీ ముందు వీధి వీధంతా కూర్చుని, ఎవరి ముఖం వాళ్ళకు కనబడగానే కేకలు వేసి నవ్వుతుంటే, నేనూ బావా గోడకు ఆనుకుని నిలబడి చూసుకుని మురిసిపోయేవాళ్ళం. అంతకన్నా మంచి కాలం నా జీవితంలో ఉందా అని ఎన్నోసార్లు అనుకుంటాను.

ఆ మంచి కాలంలోనే శత్రువు లోపలికి వచ్చాడు సహోదరులారా! పెళ్ళిళ్ళ దగ్గర మందు కొదవేముంది? అలసట పోతుందని ఒక గుక్క, చలికి ఒక గుక్క, కాదంటే బాగుండదని ఇంకొకటి, అలా మొదలై చివరికి కెమెరా పట్టుకోవాలంటే ముందు గ్లాసు పట్టుకోవాల్సిన స్థితికి వచ్చాను. క్యాసెట్ల కాలం పోయింది, చిన్న కెమెరాలు వచ్చాయి, దీపం పట్టే అవసరం పోయింది, బావ నా వెంట రావడం మానుకున్నాడు. ఆయన నా పక్కన ఉండి ఉంటే తాగనిచ్చేవాడు కాదేమో! నా భార్య మార్తమ్మ ఉపవాసాలుండి ఏడ్చింది. నేను వినలేదు.

బావ ఒక్కగానొక్క కూతురు రూతు పెళ్ళి వచ్చింది. వీడియో నేనే తీయాలి, వేరే ఎవరు తీస్తారు! ఆ రోజు మధ్యాహ్నం బిడ్డను అత్తవారింటికి పంపే వేళ, ఎప్పుడూ నలుగురిలో నోరు తెరవని మా బావ ముందుకు వచ్చి, కూతురి తల మీద ఒక చెయ్యి, అల్లుడి తల మీద ఒక చెయ్యి పెట్టి, "అందరూ కండ్లు మూసుకోండప్పా, ప్రార్థన చేస్తా" అన్నాడు. అందరూ తలలు వంచి కళ్ళు మూసుకున్నారు. ఫోన్లు తీసినవాళ్ళు ఎవరూ లేరు, సామేలు తీస్తున్నాడు కదా అన్న ధైర్యం! నేను అప్పటికే తాగి ఉన్నాను. మీట నొక్కాను. అయితే అంతకుముందే కెమెరా నడుస్తూ ఉంది, నేను నొక్కినప్పుడు అది ఆగిపోయింది! ప్రార్థన అయిపోయాక ఆపుదామని మళ్ళీ నొక్కాను, అప్పుడది మొదలైంది. ఇంటికి వచ్చి చూసుకుంటే అందులో నా చెప్పులు, షామియానా గుంజలు, దుమ్ము. అంతే!

అక్క అడిగినప్పుడల్లా "ఎడిటింగ్ జరుగుతాందక్కా" అని అబద్ధం చెబుతూ వచ్చాను. మూడు నెలలు తిరగకుండానే బావ చేలో గుండె పట్టుకుని కూలబడి, మళ్ళీ లేవలేదు. అప్పుడు వచ్చి అడిగింది అక్క, ముందు చెప్పానే, ఆ రోజు. ఇక అబద్ధం చెప్పలేక నిజం చెప్పేశాను. అక్క కేకలు వేయలేదు, శపించలేదు. నా ముఖం చూసి, "నీకి దీపం పట్టినోడురా ఆయన" అని ఆ ఒక్క మాట అని, కొంగు కప్పుకుని వెళ్ళిపోయింది. ఆ తరువాత దాదాపు రెండేళ్ళు నాతో మాట లేదు. ఒకే ఊరు, రెండు వీధుల దూరం, ఒకే గుడిలో ఆరాధన, అయినా మాట లేదు!

కెమెరాను పెట్టెలో పెట్టి తాళం వేశాను గాని సీసాకు తాళం వేయలేకపోయాను. ఒక ఉదయం మార్తమ్మ కాఫీ ఇస్తే, గ్లాసు పట్టుకునే బలం లేక అది కింద పడిపోయింది. ఆమె గుడ్డతో తుడుస్తూ, తుడుస్తూ ఏడ్చింది. ఆ ఏడుపు నన్ను చీల్చేసింది! లేచి ఊరి బయటికి నడిచి, బావ సమాధి దగ్గర ఆ ఎర్ర మట్టిలో మోకరించాను. అక్కడ చెట్టు లేదు, నీడ లేదు, గాలి మాత్రం దుమ్ము రేపుతూ వీస్తోంది. "ప్రభువా, ఈ చేతులు ఇక నా మాట వినడం లేదు. నేను ఆపలేను, చాలాసార్లు ఆపి చూశాను. నువ్వు ఆపు తండ్రీ. నాకు కెమెరా వద్దు, పేరు వద్దు, మా అక్క ముఖం చూసే యోగ్యత ఒక్కటి ఇయ్యి" అని నోరు తెరిచి ఏడ్చాను.

అక్కడి నుంచి తిన్నగా మా సంఘకాపరి అయ్యగారి ఇంటికి వెళ్ళాను. పెద్దాయన, నెమ్మదస్తుడు. నా మాటలన్నీ విని, ప్రార్థించి, "దేవుడు డాక్టర్లని కూడా ఇచ్చినాడు సామేలూ, పద" అని బస్సెక్కించి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోయారు. మందులు మింగాను, వణికాను, కలవరించాను. ఇంటికి వచ్చాక వరుసగా ఎన్నో ఉదయాలు అయ్యగారు వచ్చి నా పక్కన కూర్చుని ప్రార్థించి వెళ్ళేవారు. దాచకుండా చెబుతున్నాను, నడుమ ఒకసారి మళ్ళీ తాగాను. అప్పుడూ అయ్యగారు వచ్చారు, అలాగే కూర్చున్నారు. ఆ తరువాత ఈ రోజు వరకు ముట్టలేదు. స్తోత్రం! నా బలం కాదు, కాదు, ఆయన కనికరమే!

అంతలో కరోనా వచ్చి గుడి తలుపులు మూతబడ్డాయి. మా సంఘంలో సగం మంది పని కోసం బెంగళూరులోనో కేరళలోనో ఉన్నవాళ్ళే, వాళ్ళు అక్కడా వీళ్ళు ఇక్కడా చిక్కుకున్నారు. అయ్యగారు ఫోన్ చేసి, "సామేలూ, ఆదివారం ఆరాధన వీడియోలో పెట్టల్లప్పా, నువ్వే చెయ్యల్ల" అన్నారు. "అయ్యగారూ, నా చేతులు ఇంకా వణుకుతాండాయి" అన్నాను. "వణికితే స్టాండు మీద పెట్టు, స్టాండు ఉండేది అందుకే గదా!" అన్నారు. ఎంత దిగులులో ఉన్నా నవ్వొచ్చింది నాకు.

మా ఇంట్లో విత్తనం శనక్కాయలు దాచే గది ఒకటి ఉంది. రెండేళ్ళు వానలు లేక ఖాళీగా పడి ఉంది. దాన్ని ఊడ్చి, కడిగి, ఒక బల్ల, ఒక కుర్చీ వేశాం. మొదటిసారి మాట్లాడి రికార్డు చేస్తే బావిలోంచి అరిచినట్టు గుంయ్‌మని వచ్చింది. మార్తమ్మ ఇంట్లో ఉన్న బొంతలన్నీ తెచ్చి గోడలకు వేలాడదీసింది, నేల మీద గోనెసంచులు పరిచింది, గొంతు శుభ్రమైంది! తూర్పు కిటికీ వెలుతురు ముఖాన పడేలా కుర్చీ తిప్పాం, మరీ తీక్షణంగా ఉంటే తెల్ల పంచె అడ్డం కట్టాం. పెట్టె తాళం తీసి, కెమెరాను కూర్చున్న మనిషి కళ్ళ ఎత్తున నిలబెట్టాను. ఆషాఢం గాలి మైకులో హోరుమంటుంటే మైకుకు స్పాంజి ముక్క తొడిగాను. ఒకే గదిలో రెండు ఫోన్లు వీడియో మీటింగులో పెడితే కీచుమని కూత వస్తుందని, ఒకదాని నోరు మూసి చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకోవాలని తిప్పలు పడి నేర్చుకున్నాను. కరెంటు పోతే ఆగిపోకుండా ఇన్వర్టరు పెట్టాం.

మొదటి ఆదివారం ఎంత సందడి! ఒకరి కోడి కూస్తోంది, ఒకరి మనుమడు ఏడుస్తున్నాడు, ఒక పెద్దాయన తాను అందరికీ కనబడుతున్నానని తెలియక వాక్యం జరుగుతుండగా తీరిగ్గా సంగటి ముద్ద తింటున్నాడు! నేను "మైకులు మూయండప్పా" అని అరిచీ అరిచీ అలిసిపోయాను. కాని చివరికి అందరూ కలిసి పాట అందుకున్నప్పుడు, గొంతులు ఒకటి ముందు ఒకటి వెనక పడి ఏ తాళమూ కుదరకపోయినా, ఆ చిన్న చిన్న గళ్ళలో అన్ని ముఖాలూ కనబడుతుంటే, పాతకాలంలో టీవీ ముందు కూర్చున్న ఆ వీధి గుర్తొచ్చి నా కళ్ళు మసకబారాయి.

కొన్ని వారాలకు బెంగళూరులో రూతుకు కాన్పు అయింది, ఆడబిడ్డ. బస్సులు లేవు. అక్క వెళ్ళలేదు, బిడ్డను చూడలేదు. ఆమె చిన్న ఫోనులో బొమ్మ కనబడదు. అయ్యగారి భార్య అమ్మగారు ఆమెను చెయ్యి పట్టుకుని మా గదికి తీసుకొచ్చారు. అక్క మా గడప దాటింది సహోదరులారా! వచ్చి కుర్చీలో కూర్చుని, ఎటో చూస్తూ, "యాడ సూడల్ల?" అంది. రెండేళ్ళ తరువాత నాతో అన్న మొదటి మాట! "బిడ్డ ఈ తెరలో కనపడతాదక్కా. నువ్వు మాట్లాడేటప్పుడు కెమెరాకుండే ఆ నల్ల అద్దంలో సూడు, అప్పుడు నువ్వు రూతునే సూస్తాండావని దానికి తెలుస్తాది" అన్నాను. తెర మీద రూతు, ఒడిలో గుడ్డలో చుట్టిన పసికందు. అక్క కుర్చీ ముందుకు జరుపుకుంది. తెర మీద ఆ చిన్న నుదుటిని వేలితో ముట్టి, అలాగే ఉండిపోయింది. నేను రికార్డు ఎర్ర చుక్క వెలుగుతోందా అని ఒకసారి చూశాను, మళ్ళీ చూశాను, మళ్ళీ చూశాను.

మాటలు అయ్యాక రూతు సెలవు తీసుకుంది, అమ్మగారు బయటికి వెళ్ళారు. నేను అక్క కాళ్ళ దగ్గర కూర్చుని, "నన్ను క్షమించక్కా" అన్నాను. అక్క నా వంక తిరిగి, "తాగడం నిలిపినావని మార్త చెప్పె. నిజమేనా?" అంది. "నిజమక్కా, ప్రభువు నిలిపినాడు." "అట్లయితే లేచి ఆ కెమెరా పెట్టు" అంది. "నీ మిషను మర్సిపోయింటాది గాని నేను మర్సిపోలేదురా. రోజూ చెప్పుకుంటాండా. రాసుకో." అని నల్ల అద్దంలోకి సూటిగా చూస్తూ, బావ ఆ రోజు చేసిన ప్రార్థన ఒక్క మాట తప్పకుండా చెప్పింది!

"ప్రభువా, ఈ బిడ్డకి ఎండిన సేను తప్ప నేనేమీ ఇయ్యలేకపోతి. నువ్వు తోడుంటే సాలు. దీని ఇంటికి ఆకలితో వచ్చినోళ్ళు ఆకలితో పోగూడదు. నేను కోపంలో అన్న మాటలన్నీ గాలికి పోనీ తండ్రీ, ప్రేమతో అన్నవి మాత్రం దీని సెవిలో నిలబడనీ. ఆమెన్."

బావ గొంతు తిరిగి రాలేదు, అది నా వల్ల పోయింది, ఆ నొప్పి నాలో ఉంది, ఉంటుంది. కాని అక్క నాకు తిరిగి వచ్చింది! వెళ్ళేటప్పుడు నా తల మీద చెయ్యి పెట్టి, "అన్నం తిన్యావా?" అని అడిగింది. హల్లెలూయ! అంతకు మించిన క్షమాపణ ఏ భాషలో ఉంది సహోదరులారా?

ఇప్పుడు గుడి తెరిచారు, మా పల్లెలో ఆరాధన ఎప్పటిలాగే జరుగుతోంది. అయినా ఆ గది మూతబడలేదు. గురువారం పొద్దున అక్కే స్త్రీల ప్రార్థన నడిపిస్తుంది, వలస వెళ్ళినవాళ్ళు పనికి పోయేముందు వచ్చి కలుస్తారు. నేను మా సంఘంలోని ముసలివాళ్ళను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, వాళ్ళ పాటలు, వాళ్ళ ప్రార్థనలు, వాళ్ళు ప్రభువును ఎలా కలుసుకున్నారో ఆ సంగతులు రికార్డు చేస్తున్నాను. నా చేతులు ఇప్పటికీ కొంచెం వణుకుతాయి. వణికే చేతులనే ఆయన వాడుకుంటున్నాడు, ఆయన నామానికే స్తుతి!

ఇది చదువుతున్న నా ప్రియ సహోదరుడా, సహోదరీ, ఇప్పటికి ఎన్నిసార్లు మానుకుని మళ్ళీ పడిపోయావో నాకు తెలియదు, ఆయనకు తెలుసు. సిగ్గుపడి దాక్కోవద్దు. ఉన్నది ఉన్నట్టు ఆయనతో చెప్పు, ఆయన తోసివేసేవాడు కాడు. ఎవరి ముందు తలెత్తలేక వేరే వీధిలో తిరిగి పోతున్నావో, ఆ ఇంటికి ఈ రోజే నడిచి వెళ్ళు. వాళ్ళేమంటారో అని భయపడకు. నీకన్నా ముందే ప్రభువు వెళ్ళి ఆ గడపలో నిలబడి ఉంటాడు.