చెవి దొరికింది, పళ్ళు కుదర్లేదు

మా బాబాయి ఊళ్ళో నలభై కార్ల చెవులు పీకాడు. లెక్కపెట్టింది నేనే. కాలేజీ మానేసినవాడికి ఇలాంటి పరిశోధనలకు తీరిక ఉంటుంది.

చెవి అంటే కిటికీ అద్దాన్ని పైకీ కిందికీ తిప్పే పిడి. తాళానికి చెవి ఉన్నప్పుడు తలుపుకు ఎందుకుండకూడదంటాడు బాబాయి. ఆయన ముసలి కారులో డ్రైవరు వైపు తలుపుకు చెవి లేదు. అద్దం సగంలో ఆగిపోయింది.

ఆ కారు తయారుచేసినవాళ్ళు కారునే మరిచిపోయారు, ఇక చెవులేం ఇస్తారు? అందుకని పాత కారు ఎక్కడ కనబడినా బాబాయి అద్దానికి ముక్కు ఆనించి లోపలికి చూసేవాడు. ఒకసారి లోపల ఒకాయన నిద్రపోతున్నాడు. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా చపాతీలా అణిగిన ముక్కు.

"ఏం కావాలండీ?"

"మీ చెవి ఇస్తారా?"

ఆ కారుకు అంత వేగం ఉందని అంతవరకూ దాని యజమానికే తెలీదు.

పాతసామాన్ల కొట్టువాడు ఇంటికి ఫోన్ చేసేవాడు. "చెవి దొరికిందమ్మా, పళ్ళే కుదరడం లేదు." పళ్ళంటే చెవి లోపలి గాట్లు; తలుపులోని ఇరుసు గాట్లలో అవి అతకాలి. పిన్ని ఆ మాట కేకేసి చెబుతుంటే విన్న పక్కింటివాళ్ళు మాత్రం బాబాయికి ఏదో పెద్ద వైద్యం జరుగుతోందనుకుని పండ్లు తెచ్చిచ్చారు.

వాన పడితే ఆయన రెయిన్‌కోటు తొడుక్కుని కారెక్కేవాడు, దిగాక విప్పేవాడు.

"పటకారుతో తిప్పుకోవచ్చుగా," అంది పిన్ని.

"పళ్ళు అరిగిపోతాయి."

"ఎవరివి?"

వెనక సీట్లో మాత్రం మా నాయనమ్మ పొడిగా, మహారాణిలా కూర్చునేది. చూపు పోయాక ఆవిడకు సాయంత్రం షికారే లోకం. తన చెవి తనే తిప్పి, అద్దం దించి, "సబ్బుల కొట్టు దాటాం. ఎవరో గోడకు రంగేస్తున్నారు," అంటూ ముక్కుతో ఊరు చూసేది. ఇంకెవరైనా అద్దం దించబోతే ఊరుకోదు. "నేనేమైనా సామానునా? నన్ను దింపేయండి, ఇంట్లోనే ఉంటాను."

కొడుకుని దెప్పడం కూడా ఆ షికారులో భాగమే. "నాది చూడరా, ఎంత గట్టిగా ఉందో. నువ్వు మోటుగా తిప్పి విరగ్గొట్టుకున్నావు."

"అవునమ్మా," అనేవాడు, భుజం మీద నీళ్ళు తుడుచుకుంటూ.

మొన్న బాబాయి కారు బాగుచేసే మెకానిక్కుకు ఇదంతా చెప్పి నవ్వించబోయాను. అతను నవ్వలేదు.

"మీ బాబాయిది ఎక్కడ విరిగింది? విరిగింది వెనక పెద్దావిడ వైపుది. తెలిస్తే ఆవిడ మళ్ళీ గడప దాటదని, తనది తనే పీకి అక్కడ పెట్టించాడు. మిగతా తలుపులవి ఎప్పుడో పోయాయి."

నేను ఆ రోజే ఇది రాశాను. తల్లి కోసం వానను భుజాన మోసిన మహానుభావుడని కూడా రాసి, బాబాయికి చదివి వినిపించాను. ఆయన రెయిన్‌కోటు గుండీలు పెట్టుకుంటూ విన్నాడు.

"ఆ వాన ముక్క తీసెయ్. అమ్మకు వినబడేలా చదవకు. నలభై కూడా తప్పు. నేను పీకింది ఒక్క చెవే, అదీ నాదే."