బకెట్‌లో మునిగిన ఫజ్ పెడల్

అది కరోనా మొదటి ఏడాది. మావారి ఉద్యోగం దగ్గర్లోని హజీరాలో కావడంతో మేం సూరత్‌లో ఉంటున్నాం. ఎలక్ట్రానిక్స్ చదివిన నేను ఇంట్లోనే ఫజ్ పెడళ్లు తయారుచేస్తుంటాను. అరచేతిలో పట్టే ఈ అల్యూమినియం డబ్బాను కాలితో నొక్కితే చాలు, గిటార్ పాతకాలపు రికార్డుల్లోలా గరగరమని పలుకుతుంది.

ఒక పెడల్‌కి మా ఊళ్లోనే కతర్‌గామ్ పేటలోని తుక్కు దుకాణంలో దొరికిన పాత రేడియోలోని జర్మేనియం ట్రాన్సిస్టర్లు వేశాను. అలాంటివి ఇప్పుడు దొరకడం గగనమే. పుణెలోని గిటారిస్టుకు పంపితే, లాక్‌డౌన్ వల్ల పార్సిల్ తిరిగొచ్చింది.

నేను గేటు దగ్గరికి వెళ్లేసరికి మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ అట్టపెట్టె చించి, నా పెడల్‌ను బ్లీచింగ్ నీళ్ల బకెట్‌లో ముంచుతున్నాడు! గట్టిగా అరిచి లాక్కున్నాను. మూత విప్పితే లోపలంతా నీళ్లే.

"వైరస్ చచ్చింది కదా బెన్, ఇంకా గొడవెందుకు?" అన్నాడాయన, గుజరాతీలో 'అక్కా' అని పిలుస్తూనే, మాస్కు గడ్డం కిందికి లాక్కుని మరీ.

వెనకే వచ్చిన మావారు, "ఊకోవే జర, మనం గీ బిల్డింగ్‌లనే ఉండాలె" అని గొణిగారు. దాంతో నాకు ఇంకా మండింది.

బకెట్ జరిపి సెక్రటరీ ముందు పెట్టాను. "మీ ఫోన్ కూడా రోజూ బయట తిరిగొస్తోంది కదా భాయ్, ముంచండి!" అన్నాను. ఆయన చటుక్కున ఫోన్‌ను వీపు వెనక దాచుకున్నాడు. బాల్కనీల్లోని వాళ్లంతా గొల్లున నవ్వారు.

ఎంత ఆరబెట్టినా ఆ పెడల్ మళ్లీ పలకలేదు. ఆయన క్షమాపణా చెప్పలేదు. మర్నాడు గేటుకు నోటీసు మాత్రం అంటించాడు: "కరెంటు వస్తువులను ఎవరూ నీళ్లలో ముంచరాదు."

పెడల్ పోయినందుకన్నా, ముంచింది మేమే అన్నట్టున్న ఆ నోటీసు తలుచుకుంటేనే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.