గప్పీల నీటికి బ్యాక్‌వాష్

రిటైర్మెంటుకు మూడేళ్ల ముందు, వానలు మొదలైన వారంలో, నన్ను కిరందుల్ నుంచి బచేలి టౌన్‌షిప్ నీటి శుద్ధి కేంద్రానికి సీనియర్ కెమిస్టుగా మార్చారు. ఇనుప ఖనిజపు కొండలు కదా, నాలుగు చినుకులు పడితే చాలు, వాగు ఎర్రగా దిగుతుంది. ఆ ఎరుపును పటికతో పేరబెట్టి, ఇసుక పడకల్లో వడగట్టి, క్లోరిన్ కలిపి క్వార్టర్లకు పంపడం మా పని. కుళాయి దగ్గర పట్టిన నమూనాలో బ్యాక్టీరియా సున్నా అని తేలితేనే నా సంతకం పడేది. తేలకపోతే, ప్లాంట్ ఇన్‌చార్జి అయినా సరే, నా నోటికి దొరికిపోవలసిందే. టౌన్‌షిప్పంతా నన్ను ‘పానీవాలీ మేడమ్’ అనేవారు. ఆ పేరు నాకు గర్వంగానే ఉండేది, దాచడమెందుకు?

మా పక్క క్వార్టరు ఆదిలక్ష్మి గారిది. భర్త గనిలో డంపర్ ఆపరేటరు. పార్వతీపురం మనుషులు. ఆమె హాల్లో రెండడుగుల గాజు అక్వేరియం ఉండేది. జగదల్‌పూర్‌లో కొన్న ఎనిమిది గప్పీలు అందులో అరవై దాటాయి. గప్పీ అంటే చిటికెన వేలిలో సగం ఉండే చేప. గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లల్నే కంటుంది, అదీ దాదాపు నెలనెలా. కొన్నింటిని ఎవరికైనా ఇచ్చేయమంటే, కన్నపిల్లల్ని ఎవరైనా పంచిపెడతారేటి అని నవ్వేసేది ఆవిడ.

ఆవిడ మోకాలి ఆపరేషన్‌కు నెల రోజులు విశాఖ వెళ్లవలసి వచ్చింది. భర్తకు షిఫ్టులతోనే సరిపోతుంది, చేపలంటే ఆసక్తీ లేదు. అందుకని ఇంటి తాళంచెవి ఒకటి నా చేతిలో పెట్టి అంది:

“నీళ్లు మీ చేతిలో ఉన్నాయి కదా, నాకేటి బెంగ?”

ఆ మాటకు నేను ఉబ్బిపోయాను. మొదటి ఆదివారమే చీర కుచ్చిళ్లు దోపి పనిలోకి దిగాను. గాజుకు పచ్చటి పాచి, అడుగున గులకరాళ్ల మధ్య మురికి. గాలి పంపుతో నీటిని లాక్కుని వడగట్టే స్పాంజి ఒకటుంది, అది గోధుమరంగు జిగురుతో అసహ్యంగా తయారైంది. మా ప్లాంటులో ఇసుక పడక ఇలా మురికిపడితే శుభ్రమైన నీటిని కిందనుంచి ఎదురు తోసి కడుగుతాం. దాన్ని బ్యాక్‌వాష్ అంటాం. ఇరవై ఎనిమిదేళ్లు అదే చేసిన చేతులు ఊరుకుంటాయా? స్పాంజిని కుళాయి కింద పిండి పిండి తెల్లగా తేల్చాను. రాళ్లను బ్లీచింగ్ పౌడర్‌లో నానబెట్టి కడిగాను. పాత నీళ్లు మొత్తం పారబోశాను. చేపలకు క్లోరిన్ పడదని నాకు తెలియకపోలేదు. ల్యాబులో నమూనా సీసాల్లో క్లోరిన్‌ను విరిచే థయోసల్ఫేట్ కొత్త నీటిలో కలిపి, పరీక్షించి, సున్నా వచ్చాకే చేపల్ని వదిలాను. అద్దంలా ఉన్న ఆ నీటిని ఫోటో తీసి పంపితే ఆవిడ దణ్ణం బొమ్మలు పంపింది.

నాలుగో రోజు పొద్దున తొమ్మిది చేపలు తేలి ఉన్నాయి. మిగిలినవి పైకొచ్చి నోళ్లు తెరిచి గుటకలు వేస్తున్నాయి. పరీక్షిస్తే క్లోరిన్ లేదు, పీహెచ్ బాగుంది, మడ్డి లేదు. నా లెక్కలో అవి తాగదగ్గ నీళ్లు. సరిగ్గా అప్పుడే ఆదిలక్ష్మి గారు ఆసుపత్రి మంచం మీదనుంచి ఫోన్ చేసి, కడుపుతో ఉన్న నల్లతోకది ఎలా ఉందని అడిగింది. అది చచ్చినవాటిలోనే ఉంది. బాగుందండీ అన్నాను. రేపు ఆపరేషన్ పెట్టుకున్న మనిషికి ఏం చెబుతామని సర్దుకున్నాను కానీ, అసలు సంగతి నా పరువు.

ఆ నీటినే సీసాలో పట్టుకుని ల్యాబుకు వెళ్లాను. మా అటెండెంట్ లింగయ్యది తర్లగూడ. తెలుగు, దోర్లీ, గోండీ, హిందీ నాలుగూ మాట్లాడతాడు, నాలుగింటిలోనూ నిదానమే. కథంతా విని, సీసాను కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి చూశాడు.

“నీళ్లు తేటగనే ఉన్నయ్ మేడమ్. పాణమే లేదు వీట్ల. గంత కడుగుడేంది? మీరే సంపిన్రు నీళ్లను.”

నాకు ఒళ్లు మండింది. నీళ్లలో ప్రాణం ఉంటే మన రిజిస్టర్‌లో ఫెయిల్ అని రాస్తాం లింగయ్యా, ఇన్నేళ్లయినా తెలియదా అని కసిరాను. కసిరి రెండు అడుగులు వేశానో లేదో, నా మాట నాకే తగిలింది. ఆ స్పాంజి జిగురు మురికి కాదు. అది ప్రాణమే.

శుద్ధి చేసిన నీటిలో మేం రోజూ అమ్మోనియా చూడం, ఉండదు కనుక. ఆ రోజు అమ్మోనియాను రంగుతో పట్టిచ్చే నెస్లర్ ద్రావణం చుక్కలు వేసి చూశాను. లేత పసుపు వస్తే ఫరవాలేదు, మరిగిన టీ డికాక్షన్ రంగు వచ్చింది. చేపల విసర్జన నుంచి అమ్మోనియా పుడుతుంది, అది వాటికి విషం. స్పాంజి జిగురులో, రాళ్ల మీద ఉండే బ్యాక్టీరియా దాన్ని అంత హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. అరవై చేపల ఇరుకు ఇంట్లో ఆ పాకీపని చేసేది అదొక్కటే. దాన్ని నేను మూలంతో సహా కడిగి పారబోశాను. నిదానంగా వడగట్టే పాతకాలపు ఇసుక పడకలకు పైనుండే జిగురు పొరే ప్రాణమని పరీక్షల కోసం బట్టీపట్టినదాన్నే. సిగ్గేసింది.

చేపల్ని మూడు టబ్బుల్లోకి పంచాను. మేత దాదాపు ఆపేశాను. క్లోరిన్ విరిచిన నీటితో రోజూ పావు వంతు మార్చాను. కిరందుల్‌లో ఒక ఫోర్‌మన్ గారింట్లో ఏళ్లనాటి అక్వేరియం ఉందని తెలిసి బతిమాలితే, ఆయన తన స్పాంజిని కడగకుండా, తడి ఆరకుండా, టిఫిన్ డబ్బాలో పెట్టి షిఫ్టు బస్సులో పంపాడు. ఉద్యోగమంతా సున్నా మీద సంతకం పెట్టిన చేతితో ఆ మురికిని మా స్పాంజి మీద పిండాను. పక్కన లింగయ్య గుడ్డ అందిస్తూ ఒక్క మాట అనలేదు. ఆ పెద్దరికానికి అతనంటే ఇప్పటికీ నాకు ఎంతో ఇష్టం.

చావులు ఆగేసరికి పంతొమ్మిది పోయాయి. ఆపరేషన్ అయిన అయిదో రోజు నేనే ఫోన్ చేసి, నల్లతోకదానితో సహా అంతా చెప్పాను. ఆవిడ అంది:

“మీరు దాచీసి ఉంటే నేను మళ్లీ మీ గుమ్మం ఎక్కకపోదును. పోనీండి. ఉన్నవాటికి చోటు చూడండి, ఆ ఇరుకులో పెట్టింది నేనే కదా.”

ఊతకర్రతో తిరిగొచ్చాక ఆవిడే దగ్గరుండి చేపల్ని ఇరుగుపొరుగుకు పంచింది. దోమపిల్లల్ని తింటాయని లింగయ్య పదింటిని తర్లగూడలోని ఇంటి తొట్టికి తీసుకెళ్లాడు. ఆవిడ పన్నెండు మాత్రం ఉంచుకుంది. వారానికోసారి పావు వంతు నీరు మార్చడం, తీసిన ఆ పాత నీటిలోనే స్పాంజిని ఒక్కసారి పిండి వదిలేయడం నేర్చుకున్నాం, ఇద్దరమూ.

ఆ తర్వాత నా సర్వీసులో ఎవరు నీళ్ల సీసా తెచ్చి “శుభ్రమేనా మేడమ్?” అని అడిగినా, మూత తీయకముందే ఎవరికోసమని అడిగేదాన్ని. ఆ జవాబు రాకుండా చేసిన పరీక్ష ఏదైనా సగం పరీక్షే.