వడ్ల పెద్దయ్య దగ్గర ఉమేద్వారీ

కోదాడ బస్టాండు ఎదురుగా చాయ్ తాగుతుంటే, మిర్యాలగూడ నుంచి బియ్యం లారీతో వచ్చిన హమాలీ ఒకతను చెప్పాడు. "సారూ, మీ వడ్ల పెద్దయ్య పోయిండు గదా. నాలుగొద్దులైతుంది."

నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ నేను వేళకు తిన్నాను, పడుకున్నాను, ఆఫీసులో పదిమందిని నవ్వించాను కూడా. నాకు కబురు పంపాలని ఎవరికీ తోచలేదు. తోచకపోవడంలో తప్పేమీ లేదని ఇది చదివాక మీరే అంటారు.

నన్ను ఎరిగినవాళ్లు, వీడు చావు కబురులో కూడా చతుర్లాడతాడనుకుంటారు. ఆడతాను, అలవాటైన నోరు. నవ్వాల్సి వస్తే మాత్రం నన్ను చూసి నవ్వండి, ఆయన్ను చూసి కాదు.

బీయస్సీ పాసై సూర్యాపేటలో మా ఇంటికి చేరాను. మా నాయన నా పట్టాకు అద్దం కట్టించి గోడకు తగిలించాడు. ఏడాది పాటు మేమిద్దరం అలాగే ఉన్నాం, పట్టా గోడ మీద, నేను అరుగు మీద. ఎక్కడ దరఖాస్తు పెట్టినా ఒకటే ప్రశ్న, పని అనుభవం ఉందా అని. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదు. చివరికి మా మేనమామ విసిగిపోయి, మిర్యాలగూడలో తనకు తెలిసిన రైసుమిల్లు సేటు ముందు నన్ను నిలబెట్టాడు.

సేటు నన్ను పైనుంచి కిందికి చూసి, "ఉమేద్వార్‌గ ఉండుమను. జీతముండది" అన్నాడు.

కొలువు దొరక్కపోతుందా అని జీతం లేకుండా పని నేర్చుకుంటూ కూర్చునేవాణ్ణి నైజాం నాటి కచేరీల్లో ఉమేద్వార్ అనేవాళ్లు. ఉమేదంటే ఆశ. ఆశ ఉన్నవాడికి మళ్లీ జీతమెందుకని కాబోలు.

అలా పెద్దయ్య చేతిలో పడ్డాను. మిల్లుకు వచ్చిన వడ్లను చూడటం ఆయన పని. ఒక గింజను పంటికింద పెట్టేవాడు. టక్కుమంటే ఆరినట్టు, మెత్తగా నలిగితే పచ్చి. పచ్చి వడ్లు మర పడితే అన్నీ నూకలే. ఆయన "ఊఁ" అంటే బండి లోపలికి, "ఊహూఁ" అంటే బయటికి. సేటు కూడా ఆ మాట దాటేవాడు కాదు.

మొదటి రోజు అడిగాడు. "ఏం సదివినవ్?"

"బీయస్సీ."

"అంటే ఏంది?"

"సైన్సు, పెద్దయ్యా."

"గట్లనా. అయితే గీ గింజ కొరుకు, బీయస్సీ."

అటూ ఇటూ చూసి, జేబురుమాలు అడ్డం పెట్టుకుని కొరికాను. "అబ్బో, కొత్త పెండ్లికూతురు బువ్వ తింటుందిరో!" అని హమాలీలు ఘొల్లుమన్నారు. పెద్దయ్య నవ్వలేదు.

"జీతం లేకున్న పని నేర్సుకోవచ్చు బిడ్డా. సిగ్గుంటే నేర్సుకోరాదు."

ఆయన పాన్ వేసేవాడు కాదు, బీడీ తాగేవాడు కాదు. "అందరికి నోరు మాట్లాడనీకి, నాకు తూయనీకి" అనేవాడు. ప్రతి బండికీ ముందు కుండలో నీళ్లతో పుక్కిలించేవాడు. బస్తా పైపై గింజలు ముట్టేవాడు కాదు, మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగు నుంచి తీసేవాడు. రైతుతో మాత్రం నీ వడ్లు బాగాలేవని ఎన్నడూ అనలేదు. "పచ్చి బాలింతలోలె ఉన్నయ్ రా నీ వడ్లు. రెండొద్దులు ఎండ సూపిచ్చి తోల్కరా" అనేవాడు.

నీళ్లు దేనితో తయారవుతాయో కాలేజీ నాకు మూడేళ్లు చెప్పింది. ఆ నీళ్లు వడ్లగింజలో ఎక్కడ దాక్కుంటాయో పెద్దయ్య ఆర్నెల్లలో చెప్పాడు.

ఆ తర్వాత సర్కారు ధాన్యం కొనుగోలులో ఇన్‌స్పెక్టర్ల ఇంటర్వ్యూ వచ్చింది. బల్ల మీద మూడు కుప్పలు పోసి ఏది పచ్చిదో చెప్పమన్నారు. నా ముందు వెళ్లిన ఫస్టుక్లాసు వాళ్లు పుస్తకంలోది అప్పజెప్పి వచ్చారు. నేను మూడు గింజలు కొరికి, నడిమి కుప్ప అన్నాను. "ఎక్కడ నేర్చుకున్నావయ్యా?" అంటే "మిల్లులో, పెద్దయ్య దగ్గర" అన్నాను. ఆ రోజు నిజమే చెప్పాను. ఉద్యోగం వచ్చింది.

కాబట్టి, పట్టా చేతిలో పెట్టుకుని అరుగుల మీద కూర్చున్న నా తమ్ముళ్లారా, జీతం లేదని అలాంటి చోటును వదులుకోకండి. ఇవాళ నేను తినే అన్నం ఆ ఆర్నెల్లదే. ఈ వ్యాసం ఇక్కడ ఆపితే బాగుండేది. నేనూ మంచివాణ్ణిగా మిగిలేవాణ్ణి.

ఆఫీసు వాళ్లు నాకు తేమ కొలిచే మీటరు ఇచ్చారు. ఒకనాడు పెద్ద ఆఫీసరుతో కలిసి అదే మిల్లుకు తనిఖీకి వెళ్లాను. త్రిపురారం రైతు బండి ఒకటి ఉంది. పెద్దయ్య గింజ కొరికి, "బంగారమసుంటి వడ్లు సార్. మంచిగ ఆరినయ్" అన్నాడు. నా మీటరు ముల్లు మాత్రం పచ్చి అని చూపించింది.

"నువ్వేమంటావ్?" అన్నాడు ఆఫీసరు నాతో.

బండి చాటుకు తిరిగి గింజ కొరికాను. టక్. అప్పుడు గుర్తొచ్చింది. ఆఫీసరు కంటికి మెరవాలని పొద్దున మీటరులో గింజలు పోసే గిన్నెను నీళ్లతో కడిగాను. సరిగ్గా తుడవలేదు. "గిన్నె తడి సార్, మళ్లీ పెడతా" అంటే అయిపోయేది. కానీ ఎలా తెలిసిందంటే గింజ కొరికానని చెప్పాలి, బూట్లు వేసుకున్న ఇన్‌స్పెక్టరునయ్యుండి.

"మీటరే కరెక్టు సార్" అన్నాను.

బండి వెనక్కి పోయింది. "ఈ కాలంలో కూడా పళ్లతో కొలిచేవాణ్ణి పెట్టుకున్నారా?" అని ఆఫీసరు సేటును ఎకసెక్కమాడాడు. మర్నాటి నుంచి పెద్దయ్యను బస్తాల మూతులు కుట్టే పనిలో వేశారు. నోటితో బతికినాయనకు మూతులు కుట్టే ఉద్యోగం. ఈ చమత్కారం నాకు ఆ వారమే తట్టింది. ఆఫీసులో చెప్పాను. బాగా నవ్వారు.

నెల తర్వాత మళ్లీ వెళ్లాను. ఆయన కుడుతూనే, తలెత్తకుండా అడిగాడు. "గిన్నె తుడిసినవా, బీయస్సీ?"

ఆ తడి ఆయన కంట కూడా పడిందన్నమాట. అయినా నోరు ఊరుకోదుగా. "తుడిచిన పెద్దయ్యా. మొహం చూసుకోవచ్చు, అంత మెరుస్తుంది" అన్నాను. ఆయన దారాన్ని పళ్లతో కొరికి తెంపి, ఇంకో బస్తాను దగ్గరికి జరుపుకున్నాడు.

హమాలీ చెప్పిన పూటే బస్సెక్కి వాళ్లింటికి పోయాను. ఆయన భార్య చాప మీద కూర్చుని ఉంది. తడి గిన్నె సంగతి మొత్తం ఆమెకు చెప్పాను.

"ఎరుకే బిడ్డా" అంది. "ఆ దినమే చెప్పిండు. ఎవ్వరితోని అనకు, పోరని నౌకరి పోతది అన్నడు."

మళ్లీ ఆమే అడిగింది. "మరి నువ్వు ఇంకెవరికి చెప్పినవ్?"

లేచి నేరుగా మిల్లుకు పోయి, హమాలీలందరూ వింటుండగా సేటుకు చెప్పాను. ఆ రోజు పెద్దయ్య మాటే నిజం, తప్పు నాది అని. సేటు ఒక్క నిమిషం తల దించుకున్నాడు. తర్వాత, "అయిపోయింది గదా సార్. ఇప్పుడెందుకు ఇగ? చాయ్ తాగుతరా?" అన్నాడు.

అప్పటికే ఒక రైతు బండి ఆపి, చేతిలో వడ్లు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. నేను చెప్పిందంతా విన్నట్టున్నాడు. చెయ్యి ముందుకు చాపే ఉంది, ఎవరికి చూపాలో తెలియక చుట్టూ చూస్తున్నాడు.

"గీ సార్‌కు సూపియ్" అన్నాడు ఒక హమాలీ. "పెద్దయ్య దగ్గర నేర్సుకున్నోడే."

రైతు నా మొహం చూశాడు, నా బూట్లు చూశాడు. చాపిన చెయ్యిని మెల్లగా వెనక్కి తీసుకుని, గుప్పిట మూసుకున్నాడు.