వెనిస్ పొగమంచులో వేసిన కేక

మేముండే క్యారీ ఊళ్ళో మాది రెండంతస్తుల ఇల్లు. అయినా మా ఆయన్ని కిందనుంచి కేకేయడం మానేశాను. కాఫీ చల్లారిపోయినా సరే, మెట్లెక్కి వెళ్ళి భుజం తడతాను. "ఏమిటీ కొత్త మర్యాద?" అని ఎగతాళి చేస్తారు. చేసుకోనీ.

థ్యాంక్స్‌గివింగ్ సెలవులకి వెనిస్ ప్యాకేజీ బుక్ చేశాం. గ్రూప్‌లో మేం కాక తెలుగువాళ్ళంటే షాంటిలీ అనే ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ఆయన కొడుకూ. పడవలో పెద్దాయన నా పక్కనే కూర్చుని, "మా ఆవిడకి ఈ ఊరు చూడాలని మహా సరదాగా ఉండేదమ్మా. నిరుడు పోయింది," అన్నారు. ఆయన చేతిలో రెండు జంతికలు పెట్టాను.

గోపురాల చర్చి, గంట స్తంభం, ఖైదీల్ని దాటించిన వంతెన అన్నీ చూశాం. సాయంత్రానికి పొగమంచు కమ్మేసింది. మా ఆయనకి వంతెన కనిపిస్తే చాలు, ఫోటో తీయందే కాలు కదలదు. సందు తిరిగి చూస్తే మనిషి లేరు, గ్రూప్ కూడా ముందుకెళ్ళిపోయింది. కెమెరా ఆయన మెడలో, ఫోనేమో నా బ్యాగ్‌లో! ఒళ్ళు మండిపోయింది.

"ఏమండీ!" అని అరిచాను. కేక కాలువ అవతలి గోడకి తగిలి, నీళ్ళ మీంచి తిరిగొచ్చింది. నా గొంతులా లేదు.

"ఆఁ, వస్తున్నా," అని జవాబు. హమ్మయ్య అనుకుని అటే నడిచాను. మళ్ళీ పిలిచాను.

"వస్తున్నానే, ఉండు." ఈసారి దగ్గర్నుంచే, కానీ కిందనుంచి. మా ఆయన గొంతు కాదది.

గోడ మలుపులో పాచి పట్టిన మెట్లు నీళ్ళలోకి దిగుతున్నాయి. మోకాళ్ళ లోతులో ఆ పెద్దాయన! అవతలి గోడకేసే చూస్తున్నారు.

"బాబాయ్‌గారూ, ఆగండి!" నా మాట వినిపించనట్టే ఇంకో రెండు మెట్లు దిగారు. నీళ్ళు నడుం దాకా వచ్చాయి. "ఏమండీ" అని అరిస్తే మళ్ళీ ఆ గోడే వాళ్ళావిడలా ఆయన్ని పిలుస్తుంది. భయంతో ఏడుపొచ్చేసింది. బూట్లతోనే నీళ్ళలోకి దిగి, ఆయన చెవి దగ్గర మెల్లిగా అన్నాను.

"ఏమండీ. ఇటు. మీ వెనకాలే ఉన్నాను."

వెంటనే తిరిగారు. అంత సంతోషం నేను ఎవరి మొహంలోనూ చూడలేదు. చెయ్యిస్తే పట్టుకుని, మారుమాట లేకుండా పైకొచ్చేశారు. గట్టు మీద నిలబడ్డాక నన్ను తేరిపార చూశారు.

"నువ్వా అమ్మా," అన్నారు. నా భుజం మీదుగా ఖాళీ సందులోకి తొంగి చూశారు. "మరి వెనకాలే ఉన్నానందే, ఏదీ?"